పువ్వు గుర్తు ఉన్న పేర్లు

బండికి సైడ్ స్టాండు వేసి ఉంది.

పుష్పావతి ఫోన్‌లోని ఫోటోను వేళ్లతో పెద్దది చేసి ఇంకోసారి చూసింది. కల్వర్టు కింద రాళ్ల మధ్య మోటారు సైకిలు పక్కకు పడి ఉంది. దానికి నాలుగడుగుల అవతల కుళ్లాయప్ప బోర్లా పడి ఉన్నాడు. ఆదివారం సాయంత్రం నాలుగు ముప్పై ఐదుకు ఒక లారీ డ్రైవరు తీసిన ఫోటో అది.

"ఫోటో తీసేలోగా బండిని ఎవరన్నా ముట్టినారా?"

"లేదక్కా. ఫోటో తీసినాకే ఆ డ్రైవరన్న కిందికి దిగినాడంట," అంది వెన్నెల.

వెన్నెల కుళ్లాయప్ప కూతురు. పంతొమ్మిదేళ్లు. తండ్రి పోయి ఆ రోజుకు మూడో రోజు. బంధువులంతా ధర్మవరంలో ఇంటి దగ్గర ఉంటే, ఈ పిల్ల ఒక్కతే పొద్దున్నే బస్సెక్కి హిందూపురం వచ్చి పుష్పావతి తలుపు తట్టింది. పుష్పావతి ఇరవై రెండేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగా రాజీనామా ఇచ్చిన మనిషి. ఇప్పుడు సొంతంగా విచారణలు చేస్తుంది. ఆమె ముందు కూర్చుని వెన్నెల ఏడవలేదు. "మా నాయన పేరు ఎవరు చెప్పినారో నాకు కావాల," అంది. అంతే.

ఇప్పుడిద్దరూ పుష్పావతి స్కూటరు మీద వచ్చి, పెనుకొండకు ఆరు కిలోమీటర్ల దూరంలో, ధర్మవరం దారిలో, ఆ కల్వర్టు దగ్గర ఉన్నారు. పది నలభై అయింది.

పుష్పావతి రోడ్డు అంచున గొంతుక్కూర్చుని మట్టిని చూసింది. ఎర్రమట్టిలో రూపాయి బిళ్లంత గుంట ఒకటి ఉంది. అక్కడి నుంచి కల్వర్టు గోడ పక్కదాకా సన్నటి గీత. టేపుతో కొలిచింది. పన్నెండు అడుగులు. తారు మీద బ్రేకు వేసిన గుర్తు ఎక్కడా లేదు.

"మీ నాయన బండి ఆపినాడు. స్టాండు వేసి దిగినాడు. తెలిసిన మనిషిని చూస్తేనే అట్లా దిగుతారు. ఈ గీత స్టాండు గీసింది. బండిని తర్వాత ఈడ్చుకొచ్చి తోసినారు. ఈడ్చినోళ్లకు స్టాండు తియ్యాలని తోచలేదు."

వెన్నెల ఆ గుంట వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఫోన్ ఎప్పుడు వచ్చింది?"

"మూడూ పదికి. మా నాయన అన్నం తిని పండుకోనుండాడు. మాట్లాడి లేసినాడు. 'మన కొండగాలోళ్ల మీటింగు పెనుకొండకు మార్చినారంట, నాలుగుకల్లా రమ్మంటాండారు' అని మాయమ్మకు చెప్పినాడు. మూడూ ఇరవైకి పోయినాడు."

"ఎవరు ఫోన్ చేసిండేది?"

"చెప్పలేదక్కా. ఆ ఫోన్ గూడా దొరకలేదు."

కొండగాలి ఒక ఆన్‌లైన్ వార్తా పత్రిక. పెనుకొండ నుంచి నడుస్తుంది. జనవరి ఇరవై నాలుగున అందులో ఒక కథనం వచ్చింది. ధర్మవరం పట్టు వ్యాపారి పాండురంగయ్య పవర్‌లూమ్ చీరలకు చేనేత ముద్ర వేసి అమ్ముతున్నాడని, దాంతో మగ్గాల వాళ్లకు పని లేకుండా పోతోందని రాశారు. సాక్ష్యాలు ఇచ్చింది ఇద్దరు పాఠకులని, వాళ్ల పేర్లు చెప్పబోమని కూడా రాశారు. ఆ ఇద్దరిలో ఒకడు కుళ్లాయప్ప. ఇరవై ఏళ్లుగా పాండురంగయ్య దగ్గర గుమాస్తా. గోడౌన్‌లో ముద్రల ఫోటోలు తీసింది అతనే.

రెండో మనిషి ఎవరో పుష్పావతికి తెలియదు. ఆ మనిషి ఇంకా బతికే ఉండొచ్చు. కుళ్లాయప్ప పేరు ఏ దారిన బయటికి పోయిందో, రెండో పేరు కూడా ఆ దారినే పోయి ఉంటుంది. పొద్దున్నుంచి పుష్పావతిని తరుముతున్నది అదే.

పదకొండూ ఐదుకు జీపు వచ్చి ఆగింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వేణుగోపాల్ దిగాడు. చేతిలో కాగితాలున్నాయి.

"ఏం మేడం, టేపు పట్టుకోనుండారు. సైటు కొంటాండారా?"

"నీకు కొలవడం నేర్పిచ్చింది నేనే కదప్పా. నువ్వు కొలవలేదని వచ్చినా."

వెనక ఉన్న కానిస్టేబుళ్లు ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. పొలం పనికి పోతున్న నలుగురు కూలీలు కూడా ఆగి చూస్తున్నారు. వేణుగోపాల్ పుష్పావతి వైపు చూడకుండా కాగితం వెన్నెల ముందుకు చాపాడు.

"సంతకం పెట్టమ్మా. బండి అదుపు తప్పి పడినాడని రాసినాము. ఇన్సూరెన్సు తొందరగా వస్తాది. నీ చదువుకు పనికొస్తాది."

"మా నాయన తాగడు సార్. ఇందులో తాగినాడని రాసినారు."

"ఎవరి నాయనా తాగడు, ఎవరి కూతుర్ని అడిగినా."

"పోస్టుమార్టం కాగితం వచ్చిందా?" అంది పుష్పావతి.

"వస్తాది."

"రాకముందే ఆయన తాగినాడని నీకెట్లా తెలిసిందబ్బా? వాసన చూసినావా? నీ జీపు వచ్చేసరికి ఐదున్నర. అప్పటికి మనిషి చల్లబడిపోయినాడు."

"మేడం, మీరు ఉద్యోగంలో లేరు."

"లేను. అందుకే అడగగలుగుతాండా. నీకంటే అర్ధగంట ముందు, ఐదు గంటలకే పాండురంగయ్య ఈడికి వచ్చినాడంట. ధర్మవరం నుంచి ఈడికి కార్లో ముప్పావుగంట దారి. నాలుగు ముప్పై ఐదుకు మనిషి కనపడితే ఐదుకు ఎట్లొచ్చినాడు? దారిలోనే ఉండాడా?"

"యజమాని వచ్చి పాపం శవానికి గుడ్డ కప్పిచ్చినాడు. అంబులెన్సుకు దుడ్లిచ్చినాడు. దానికి గూడా తప్పు పడతారా?"

"గుడ్డ ముందే తెచ్చుకున్నాడేమో కనుక్కో."

అతను దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఈ పిల్లను కోర్టుల చుట్టూ తిప్పి మీరేం బాగుపడరు. మీరు మర్యాదగా ఇంటికి పోతే మంచిది."

"నీ మర్యాద రేటెంతో ధర్మవరంలో అందరికీ తెలుసప్పా. పేరు పేరునా చెప్పమంటావా ఈడ?"

కూలీల్లో ఒకడు గట్టిగానే నవ్వాడు. వేణుగోపాల్ కాగితాలు మడిచి జీపెక్కాడు. వెన్నెల సంతకం పెట్టలేదు.

*

కొండగాలి ఆఫీసు పెనుకొండలో ఎరువుల అంగడి పైన రెండు గదులు. పన్నెండూ పదికి పుష్పావతి మెట్లెక్కింది. తలుపు మీద అట్ట ముక్క వేలాడుతోంది. 'ఇక్కడ ప్రకటనలు తీసుకోము.'

సంపాదకుడు లక్ష్మీనారాయణకు యాభై దాటాయి. గడ్డం గీసుకుని మూడు రోజులైనట్టుంది. కంప్యూటర్ ముందు రాధ కూర్చుని ఉంది. సభ్యుల సంగతులన్నీ చూసేది ఆమె.

పుష్పావతి కుర్చీ లాక్కుని కూర్చుంది. "కుళ్లాయప్ప పేరు మీ ఆఫీసులో ఎంతమందికి తెలుసు?"

"నాకు, రాధకు," అన్నాడు లక్ష్మీనారాయణ.

"రెండో మనిషి పేరు?"

"అది గూడా మా ఇద్దరికే."

"అయితే మీ ఇద్దరిలో ఒకరు అమ్ముకున్నారు."

అతను లేచి నిలబడ్డాడు. "ఏం మాట్లాడతాండావమ్మా? పెద్ద పేపర్లో పదకొండేండ్లు చేసినా. ఒక బంగారు అంగడాయప్ప అడ్వర్టైజ్‌మెంటు ఇస్తాడని నా వార్త తీసేస్తే ఆ దినమే బయటికొచ్చినా. ఈ రోజుకూ ఒక్క అంగడి దుడ్లు ముట్టలేదు. నాలుగొందల పన్నెండు మంది పాఠకులు నెలకు వందో, యాభయ్యో ఇస్తారు. దాంతోనే నడుస్తాండాము. నేను అమ్ముకోవాలనుకుంటే కుళ్లాయప్ప దాకా ఎందుకు, ఎప్పుడో అమ్ముకుందును."

"అమ్ముకోలేదు, సరే. ఇచ్చినారు. ఎట్లిచ్చినారో చూద్దాం. కూర్చోండి. ఆదివారం మీ మీటింగు యాడ జరిగింది?"

"హిందూపురంలో. నెలకొకసారి, రెండో ఆదివారం పాఠకులతో కూర్చుంటాము. మేమిద్దరం మధ్యాన్నం రెండు నుంచి ఆరు దాకా ఆడనే ఉండాము. ముప్పై మంది చూసినారు."

"కుళ్లాయప్పకు మాత్రం పెనుకొండ అని ఫోన్ పోయింది. ఆ దినం మీటింగు ఉండాదని బయటోళ్లకు తెలుసా?"

"మెంబర్లకు తప్ప ఎవరికీ పంపమక్కా," అంది రాధ.

"అంటే ఫోన్ చేసినోడు మెంబరు. లేదంటే మెంబరుకు కావలసినోడు."

ఆమె రాధ వైపు నుంచి లక్ష్మీనారాయణ వైపు తిరిగింది.

"ఇంకొకటి అడుగుతా. ఆ గోడౌన్ కాడికి మీరు ఎప్పుడు పోయినారు?"

లక్ష్మీనారాయణ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "ఆ సంగతి మాకూ అర్థం కాలేదు. ఏ వార్త వెతకాలో మా మెంబర్లే ఓటేస్తారు. జనవరిలో నాలుగు విషయాలు పెట్టినాము. చీరల విషయానికి రెండొందల పదకొండు ఓట్లొచ్చినాయి. ఐదో తేదీ ఓటింగు అయిపోయింది. తొమ్మిదో తేదీ మేం పోయేసరికి గోడౌన్ చిమ్మి కళ్లాపి చల్లినట్టుండాది. కుళ్లాయప్ప ఫోటోలు డిసెంబర్లో తీసినవి కాబట్టి సరిపోయింది."

"ఎవరింటికి పోయి వెతకాలో ఆ ఇంటోడి చేతనే ఓటేయించుకున్నారు."

పుష్పావతి కుర్చీని రాధ దగ్గరికి జరుపుకుంది.

"ఓటింగు, మీటింగు. మెంబర్లకు ఇంకేం పంపుతారు?"

"ఒకటో తారీకు ధన్యవాదాల పట్టిక," అంది రాధ. "మొదట్లో జనం నమ్మలేదక్కా. ఎవరి దుడ్లతో నడుస్తాండారు అని అడిగేవాళ్లు. అందుకని ఇచ్చిన ప్రతి మనిషి పేరూ, ఊరూ పెడతాము. అది మెంబర్లకే కనపడ్తాది."

"ఫిబ్రవరి ఒకటిది తియ్యి."

రాధ తీసింది. పుష్పావతి కళ్లజోడు పెట్టుకుని ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదవసాగింది. పరిగి నుంచి ఒక టీచరు. ఓబులదేవరచెరువు నుంచి ఒక మెడికల్ షాపు. తర్వాత వరుసగా చనిపోయినవాళ్ల పేర్లు.

"ఈ కీర్తిశేషులంతా ఎవరు?"

"సగం మంది అట్లనే ఇస్తారక్కా. గుళ్లో అన్నదానానికి పెద్దోళ్ల పేరు మీద రాయిస్తారు చూడు, అట్లా. నూట పదహార్లు, ఐదొందల పదహార్లు. తద్దినం దినమో, వర్ధంతి దినమో పంపుతారు. మా అమ్మ పేరు పెట్టండి, మా తాత పేరు పెట్టండి అని. అచ్చులో చూసుకుని మురిసిపోతారు. కొందరు నెలనెలా కట్టేది గూడా పోయినోళ్ల పేరు మీదే."

"కట్టేదెవరో మీకు తెలుసా?"

"ఫోన్ నంబరు తెలుస్తాది. మనిషి తెలీదు."

పుష్పావతి వేలు ఒక వరుస దగ్గర ఆగింది. 'కీ.శే. సుంకమ్మ జ్ఞాపకార్థం, కుమారుడు, ధర్మవరం.' ఆ వరుస చివర చిన్న పసుపు పువ్వు బొమ్మ.

"ఈ పువ్వేంది?"

రాధ లక్ష్మీనారాయణ వైపు చూసింది.

"అది నా ఆలోచన," అన్నాడతను. "వట్టి దుడ్లిచ్చినోళ్లకు, వార్తలో చెయ్యి వేసినోళ్లకు తేడా ఉండాల కదా. ఆ నెల వార్తకు సమాచారం పంపిన పాఠకుల పక్కన ఒక పువ్వు. ఈ పత్రిక మాది అని వాళ్లకు అనిపియ్యాలని."

పుష్పావతి తల తిప్పి గుమ్మం దగ్గర నిలబడిన వెన్నెలను చూసింది. "మీ అవ్వ పేరేంది?"

"సుంకమ్మ." అంది వెన్నెల. "ఆయమ్మ తద్దినం పోయిన నెల అయింది. మా నాయన ఆ దినం ఒక్కరోజే సెలవు పెడతాడు ఏటా. పాండురంగయ్య సారే తద్దినానికి బియ్యం ఇచ్చి పంపిస్తాడు."

"అయితే ఆయనకు మీ అవ్వ పేరు తెలుసు. తేదీ తెలుసు. ధర్మవరం తెలుసు. పువ్వు అంటే ఏందో మెంబర్లందరికీ తెలుసు."

రాధ కుర్చీలోంచి లేచింది. మళ్లీ కూర్చుంది. "కుళ్లాయప్పన్న తన పేరు దాచమన్నాడక్కా. దాచినా. ఆయన పేరు నేను యాడా పెట్టలేదు. వాళ్లమ్మ పేరు పెట్టమని ఆయనే రాసినాడు. చచ్చిపోయినామె పేరుతో ఏమైతాదిలే అనుకుంటి..."

"నువ్వే కాదు. ఆయన గూడా అట్లనే అనుకున్నాడు."

"నేను చూడాల్సింది," అన్నాడు లక్ష్మీనారాయణ. "పంపేముందు ఒక్కసారి చూడాల్సింది."

"అడ్వర్టైజ్‌మెంటు ఇచ్చినోడి కోసం వార్త దాచే పేపర్లు చూసినా. వార్త ఇచ్చినోడి పక్కన పువ్వు పెట్టి చూపిచ్చింది మీరే మొదలు."

వెన్నెల లోపలికి వచ్చి కంప్యూటర్ దగ్గర నిలబడి తెర మీది తన అవ్వ పేరును చదువుకుంది. రాధ ఆమె చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది.

పుష్పావతి వేలు ఆగలేదు. కిందికి పోతూ ఉంది. నలభై రెండో వరుసలో ఇంకో పువ్వు కనపడింది.

'కీ.శే. ఓబుళప్ప జ్ఞాపకార్థం, మనవరాలు, రొళ్ల.'

"ఈమేనా రెండో మనిషి?"

లక్ష్మీనారాయణ తల వంచుకున్నాడు. "భవ్య. హిందూపురంలో పాండురంగయ్య అంగట్లో బిల్లులు రాసే పిల్ల. ఇరవై మూడేండ్లు. ముద్రలు ఎట్లా వెయ్యాలో వాళ్ల సారు చెప్పింది ఫోన్లో రికార్డు చేసి పంపింది."

"ఆ అంగట్లో రొళ్ల పిల్లలు ఇంకెవరన్నా ఉండారా?"

"ఆ పిల్ల ఒక్కతే."

"రాధా, మెంబర్లలో పాండురంగయ్య పేరు ఉండాదేమో చూడు. ముందు ఆ పిల్ల నంబరియ్యి."

ఒంటి గంటా పన్నెండు. పుష్పావతి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. ఐదు రింగులకు ఎత్తారు. కారు చప్పుడు వినపడింది.

"భవ్యా, నేను కొండగాలి నుంచి మాట్లాడతాండా. నేను అడిగేదానికి అవుననో కాదనో చెప్పు. యాడ ఉండావు?"

"కార్లో ఉండానక్కా." గొంతు హుషారుగా లేదు, భయంగానూ లేదు. "మా అవ్వకు బాగలేదని అంగడికి ఫోన్ వచ్చిందంట. మా సారే రొళ్లకు తీస్కపోతాండాడు."

"నువ్వు అవ్వతో మాట్లాడినావా?"

"చేస్తాండా, ఆయమ్మ ఎత్తలేదు."

"ఇప్పుడు ఏ ఊరు దగ్గర ఉండారు?"

"పరిగి బోర్డు దాటినాము. సారుకు ఇట్లా ఏందో చిన్న పని ఉండాదంట. చూసుకుని పోదామన్నాడు."

లక్ష్మీనారాయణ కళ్లు మూసుకున్నాడు. హిందూపురం నుంచి రొళ్లకు మడకశిర మీదుగా పడమటికి పోవాలి. పరిగి అటు కాదు. రాధ తెర మీద నుంచి తల తిప్పి, ఆ పేరు లేదని చెయ్యి అడ్డంగా ఊపింది. నాలుగొందల పన్నెండులో ఎక్కడా లేదు.

"భవ్యా, బాగా విను. వాంతి వస్తాండాదని చెప్పు. జనం ఉండే కాడ, ఏదన్నా అంగడి ముందర కారు ఆపమని చెప్పి దిగు. దిగినాక మళ్లీ ఎక్కొద్దు."

"ఎందుకక్కా?"

అవతల ఎవరో ఏదో అడిగారు. "కొండ... ఏంలేదు సార్, మా ఫ్రెండు," అంది భవ్య. తర్వాత ఫోన్ చేతులు మారిన గరగర. నిదానంగా, అంగట్లో చీర చూపించేటప్పటి మెత్తదనంతో ఒక పెద్దాయన గొంతు వచ్చింది.

"కొండగాలోళ్లా అమ్మా? నమస్కారం. నేనూ మీ మెంబర్నే. మూడేండ్ల నుంచి మా నాయన పేరు మీద నెలనెలా కడతాండా. ఆయన పేరు మీరు బాగా పెద్దక్షరాలతో వేస్తారు, సంతోషం. ఎప్పుడూ మీకు ఒక్క వార్త గూడా పంపలేదని నాకు మనసులో ఉండాది. ఈ దినం ఒకటి పంపుతా. వేసుకోండి."

ఫోన్ ఆగిపోయింది. తిరిగి చేస్తే స్విచ్ఛాఫ్.

ఒంటి గంటా పదహారు. పెనుకొండ నుంచి పరిగికి ఎంత వేగంగా పోయినా అర్ధగంట. అంతలోగా ఆ దారిలో ఒక కారును ఆపగలిగే మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే. రెండు గంటల క్రితం నలుగురు కూలీల ముందు పుష్పావతి అతని పరువు తీసి వచ్చింది.

ఆమె వేణుగోపాల్ నంబరు నొక్కింది. బిజీ. వెన్నెల అప్పటికే మెట్లు దిగుతోంది. "అక్కా, బండి తీస్తాండా, రా," అని కింది నుంచి కేక వేసింది. పుష్పావతి ఒక్కో మెట్టూ దిగుతూ మళ్లీ నొక్కింది. బిజీ. బండి ఎక్కుతూ మూడోసారి చేసింది.

ఎత్తాడు.

"వేణుగోపాల్, నేను అన్నమాటలకు తర్వాత కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటా. పరిగి దారిలో పాండురంగయ్య కారు ఆపియ్యి. అందులో ఒక ఆడపిల్ల..."

"తెలుసు మేడం," అన్నాడతను. "ఇంతసేపూ ఆయనతోనే మాట్లాడతాంటి. మీరు ఫోన్ చేస్తారని ఆయనే చెప్పినాడు."